రెండు గీతల మధ్య

కయానీలో జనవరి. మైనస్ ఇరవై ఎనిమిది.
పొగగొట్టాలు తుడిచే పని నాది.
ఇంటికీ ఇంటికీ నడుమ రెండు కిలోమీటర్లు, మహా అయితే మూడు.
కారుకి ఒళ్ళు వెచ్చబడేలోపే
నిచ్చెన దించుకుంటాను.

నిన్న సాయంత్రం డిప్‌స్టిక్ లాగి చూస్తే
ఆయిల్ పైగీత దాటి ఉంది.
తగ్గితే కంగారు పడాలని తెలుసు.
పెరిగితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.
ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెబుతున్నా, సంబరపడ్డాను:
నాకున్నవాటిలో ఒక్కటైనా
పోయకుండానే పెరుగుతోందని.

తావి ఆ పుల్లని గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు,
మా మేనత్త రై పిండి పులిసిందో లేదో చూసినట్టు.
"పెట్రోలు" అన్నాడు.
"నీ ఆయిల్ పెరగలేదు అయిలీ, పలచబడింది.
చలికి కాలీకాలని పెట్రోలు
సిలిండరు గోడల వెంట జారి కిందికి చేరుతోంది.
పాలలో నీళ్ళు కలిసి
కుండ నిండిందని మురుస్తున్నావు."

అరల మీద డబ్బాలు.
సున్నా డబ్ల్యూ ఇరవై, సున్నా డబ్ల్యూ ముప్పై, ఐదు డబ్ల్యూ నలభై.
"ముందున్న అంకె తెల్లవారుజాముది" అన్నాడు తావి,
"వెనకది మిట్టమధ్యాహ్నానిది.
నీ బండికి మధ్యాహ్నమే రావడం లేదు."
కిటికీలోంచి చూశాను.
రెండున్నరకే ఊరికీ మధ్యాహ్నం అయిపోయింది.

ఒక మూల బంగారు రంగు డబ్బా, సగం ధర.
చెయ్యి దానిమీదికే పోయింది, ఎందుకు దాచాలి.
తిప్పి చూస్తే వెనక చిన్నక్షరాలు:
టర్బో మాట లేదు, నా బండి పుస్తకం అడిగిన గుర్తూ లేదు.
మసిపూసి మారేడుకాయ చేయడం
నా దగ్గరా!
మసి నా కులవృత్తి, మా నాన్నది, ఆయన పిన్నిది.

తావి చిటికెన వేలు చూపించాడు.
"టర్బో ఇరుసు ఇంతే ఉంటుంది.
నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరగగలదు.
ఇనుముకీ ఇనుముకీ నడుమ
వెంట్రుకకన్నా సన్నని నూనె తెర.
నువ్వు దాన్ని పెట్రోలుతో కడుగుతున్నావు.
పైగా తక్కువ వేగంలో, పెద్ద గేరులో, కొండెక్కిస్తూ తొక్కుతావు.
నాసిరకం ఆయిలైతే నిప్పు వేళకాని వేళ అంటుకుంటుంది.
పిస్టన్ పగిలాక నా దగ్గరికి రాకు."

అప్పుడు గుర్తొచ్చింది హిల్కా పీరొనెన్.
మంగళవారం ఆమె వంటింట్లో నిలబడి
నేనే, ఈ నోటితోనే:
"తడి కట్టెలు, చిన్న మంట, గంటకోసారి ఆర్పడం!
గొట్టం లోపల తారు పెచ్చులు కట్టింది చూడండి.
మంట పెడితే పూర్తిగా పెట్టండి,
ఇటుకలకి వేడి తగలనివ్వండి."
పాపం, ఆవిడ నాకు రెండో కప్పు కాఫీ పోయలేదు.

చివరికి సున్నా డబ్ల్యూ ముప్పై,
పుస్తకం పేరు పెట్టి అడిగిన రకం, నాలుగున్నర లీటర్లు.
పదిహేను వేలకి మారిస్తే చాలని పుస్తకం.
"ఏడు వేలకి" అన్నాడు తావి,
"పుస్తకం రాసినవాడు ఇక్కడ పొగగొట్టాలు తుడవలేదు."
పాత ఆయిల్ నల్లగా, సన్నగా, తొందరగా కారిపోయింది,
మాట దాచుకోలేని మనిషిలా.

డబ్బు కట్టి, పైకి చూసి అడిగాను:
"నీ షెడ్డు పొయ్యి గొట్టం ఎన్నాళ్ళకి తుడిపిస్తావు తావి?"
అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు సొత్కామో దాకా వెళ్తున్నాను.
నలభై కిలోమీటర్లు. అక్కడ నాకు పనేం లేదు.
పదో కిలోమీటరు దాటాక ముల్లు లేచి మధ్యలో నిలుస్తుంది.
ఇంకా పోనిస్తాను. దారిలో ఇళ్ళ కప్పుల మీద పొగ,
ఎవరిది తెల్లగా లేస్తోందో, ఎవరిది పసుపుగా పాకుతోందో
లెక్కపెట్టుకుంటూ.
తిరిగొచ్చాక వెంటనే ఆపను.
ఒక నిమిషం అలాగే తిరగనిస్తాను,
చేతిగుడ్డ ఒళ్ళో పెట్టుకుని,
గీత చూడాలా వద్దా అని.